వాగులో పనికి అనుమతి ఫైలు: కొత్తగా చేరిన ప్రభుత్వ జీవశాస్త్రవేత్త దాన్ని ఎలా చూడాలి

చేపల, వన్యప్రాణుల ఆవాసాలను కాపాడే ప్రభుత్వ ఉద్యోగం అంటే రోజంతా నీళ్లలోనో అడవిలోనో గడుస్తుందని చాలామంది అనుకుంటారు. అలాంటి రోజులు ఉంటాయి. కానీ ఎక్కువ రోజులు ఫైళ్లతోనే గడుస్తాయి. ఒకరు వాగు మీద కల్వర్టు కడతామంటారు. ఇంకొకరు ఒడ్డు కోతకు గురవుతోంది, రాళ్లు పేర్చుకుంటామంటారు. మరొకరు చిత్తడి నేల అంచున కాస్త మట్టి పోసుకుంటామంటారు. ఏ ఒక్కటీ పెద్ద పనిగా కనిపించదు. పెద్ద ఆనకట్ట వస్తోందంటే జనం మాట్లాడతారు, పత్రికలు రాస్తాయి, కోర్టులు విచారిస్తాయి. ఈ చిన్న పనుల్ని చేపల తరఫున చూసేది మాత్రం చాలాసార్లు మీరొక్కరే. ఇలాంటి చిన్న అనుమతులు ఏళ్ల తరబడి పోగుపడితే ఒక ఏరు మొత్తం పాడైపోతుంది. అందుకే ఒక మామూలు ఫైలు మీ టేబుల్ మీదికి వచ్చిన దగ్గర్నుంచి, పని పూర్తయి కొన్నేళ్ల తర్వాత ఆ చోటును మళ్లీ వెళ్లి చూసేదాకా ఏమేం చేయాలో ఇక్కడ చెబుతాను. చట్టాలు దేశానికొక రకం. చేపకు కావలసినవి ఎక్కడైనా దాదాపు ఒకటే.

ముందు ఫైలు, ఆ వెంటనే పన్నెండు నెలల కాగితం

దరఖాస్తులో ఉన్నదాని కన్నా లేనిదాన్ని ముందు వెతకండి. కట్టబోయేది ఎంత పొడవు, ఎంత ఎత్తు అన్నది ప్రతి ఫైల్లో ఉంటుంది. దాన్ని ఎలా కడతారన్నది చాలా ఫైళ్లలో ఉండదు. మెషీన్లు ఒడ్డు దిగేది ఎక్కడ? తవ్విన మట్టి ఎక్కడ పోస్తారు? పని జరిగినన్నాళ్లు నీళ్లను ఎటు మళ్లిస్తారు? కాంక్రీటు లారీని ఎక్కడ కడుగుతారు? చిన్న పనుల్లో నష్టం చాలావరకు ఆ కొద్ది రోజుల్లోనే జరుగుతుంది. కాబట్టి ఈ ప్రశ్నలకు జవాబు రానిదే ఫైలు పూర్తిగా ఉందని ఒప్పుకోకండి. చాలాచోట్ల ఫైలు పూర్తయిందని మీరు రాసిన రోజు నుంచే నిర్ణయానికి గడువు లెక్కపెడతారు.

తర్వాత ఒక కాగితం మీద పన్నెండు నెలలకు పన్నెండు గళ్లు గీయండి. ఆ వాగులో, దాని ఒడ్డున ఉండే ఒక్కో జీవికి ఒక్కో వరస ఇవ్వండి. చేపలు ఎప్పుడు ఎదురెక్కుతాయి, ఎప్పుడు గుడ్లు పెడతాయి, గుడ్లు ఎప్పుడు పగులుతాయి, పిల్లలు ఒడ్డు వార నిలకడ నీటిలో ఎన్నాళ్లు ఉంటాయి, పక్షులు ఎప్పుడు గూళ్లు కడతాయి, కప్పలు ఎప్పుడు నీటికి వస్తాయి అన్నవి నింపుకుంటూ రండి. పెద్ద చేప మెషీన్ చప్పుడుకు పారిపోతుంది. గులకరాళ్ల సందుల్లో ఉన్న గుడ్డు పారిపోలేదు. సాల్మన్, ట్రౌట్ లాంటి చేపల గుడ్లయితే నెలల తరబడి ఆ రాళ్ల కిందే ఉంటాయి. వరసలన్నీ నింపాక మిగిలిన ఖాళీ వారాలే నీటిలో దిగి పని చేయడానికి ఇవ్వదగిన గడువు. కొన్నిసార్లు అసలు ఖాళీయే కనిపించదు. అప్పుడు ఏ జీవి తక్కువ సంఖ్యలో ఉంది, ఏది త్వరగా కోలుకోలేదు అని చూసి ఎంచుకోవాలి. ఎందుకు అలా ఎంచుకున్నారో ఫైల్లో రాయండి. ఖర్చు లేకుండా చేపలకు ఎక్కువ మేలు చేసే షరతు ఏదంటే నేను ఈ గడువునే చెబుతాను.

వాగు దగ్గరికి వెళ్లండి

ఫోటోలు చూసి నిర్ణయం తీసుకోకండి. వీలైతే రెండుసార్లు వెళ్లండి, నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు ఒకసారి, నిండుగా పారేటప్పుడు మరోసారి. ఒక్కసారే కుదిరితే నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు వెళ్లడం మేలు. వాగు అడుగు కనిపిస్తుంది. వరద ఎంత ఎత్తున వచ్చిందో చెప్పే చెత్త, ఎండిన ఆకులు కొమ్మలకు ఎలాగూ వేలాడుతూ ఉంటాయి.

పని జరిగే చోటే నిలబడి చుట్టూ చూసి వచ్చేయకండి. ఎగువకు, దిగువకు నడవండి. మడుగు ఎక్కడుంది, రాళ్ల మీద నీళ్లు గలగలా పారే భాగం ఎక్కడుంది, రెండూ ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయా? గుడ్లు పెట్టే గులకరాళ్ల మధ్య ఖాళీలు ఉన్నాయా, లేక సన్నటి ఇసుక, బురద చేరి బిగుసుకుపోయాయా? చేత్తో తవ్వి చూడండి. నీళ్లు మసకబారి చాలాసేపు తేటపడకపోతే పూడిక ఎక్కువగా ఉన్నట్టు. ఆ ఖాళీల గుండా నీళ్లు పారితేనే లోపలి గుడ్లకు ఆక్సిజన్ అందుతుంది. ఒడ్డున నీడనిచ్చే చెట్లు ఏ వైపున్నాయో కూడా చూడండి. మధ్యాహ్నపు ఎండను ఆపే వైపు చెట్లు పోతే నీటి వేడి ఎక్కువగా పెరుగుతుంది.

నీళ్లలో పడి ఉన్న మానుల్ని చెత్తగా లెక్కవేయకండి. అమెరికా వాయవ్య తీరంలో ఒకప్పుడు ప్రభుత్వ శాఖలే, చేపలకు దారి అడ్డమన్న నమ్మకంతో, వాగుల్లో పడిన పెద్ద మానుల్ని తీయించేశాయి. మడుగుల్ని తవ్వేది, గులకరాళ్లను నిలిపేది, పిల్ల చేపలకు దాపు ఇచ్చేది ఆ మానులేనని తర్వాత తెలిసింది. ఇప్పుడు అదే ప్రాంతంలో డబ్బు ఖర్చుపెట్టి మానుల్ని మళ్లీ తెచ్చి వాగుల్లో వేస్తున్నారు. ఏదైనా తీసేయమని మీరు రాయబోతున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

నాలుగైదు రాళ్లు తిప్పి కింద ఏ పురుగులున్నాయో చూడండి. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్‌ఫ్లై పిల్లపురుగులు రకరకాలుగా కనిపిస్తే నీరు చాలాకాలంగా బాగున్నట్టు. మీ మీటరు ఆ క్షణపు నీటినే చెబుతుంది, ఈ పురుగులు గడిచిన నెలల సంగతి చెబుతాయి. చూశాక రాయిని మళ్లీ అలాగే పెట్టండి. వల వేసేవాళ్లు, గేలం పట్టుకున్నవాళ్లు కనబడితే తీరిగ్గా మాట్లాడండి. ఏ ఏడు ఏ చేప రావడం మానేసిందో మీ ఆఫీసు రికార్డుల్లో దొరకకపోవచ్చు, వాళ్లకు తెలిసి ఉంటుంది.

ఒక కొలత తప్పనిసరి. వాగు నిండా పారి, ఒడ్డు దాటి పక్క నేల మీదికి పొర్లడం మొదలయ్యే మట్టం దగ్గర దాని వెడల్పు ఎంత? దాన్ని నిండు ప్రవాహపు వెడల్పు అందాం. ఒడ్డు వాలు ఒక్కసారిగా మారే చోటు, ఏళ్ల తరబడి నిలిచే మొక్కలు మొదలయ్యే గీత, గులకరాళ్ల దిబ్బల పైభాగం, ఇవే ఆ మట్టానికి గుర్తులు. పాత కల్వర్టు పక్కన కొలవకండి. అది ఎగువన నీళ్లను నిలబెట్టి, దిగువన నేలను కోసి, వాగు ఆకారాన్నే మార్చేసి ఉంటుంది. దానికి దూరంగా, వాగు తన తీరున పారే చోట, కొన్ని చోట్ల కొలిచి సగటు తీసుకోండి.

ఆకారం బాగుంటే సరిపోదు

నీటిలో కరిగిన ఆక్సిజన్‌ని తెల్లవారుజామున కొలవండి. పగలు నాచు, మొక్కలు ఆక్సిజన్ వదులుతాయి, రాత్రంతా పీల్చుకుంటాయి. కాబట్టి సూర్యోదయానికి ముందే అది అడుగంటుతుంది. మధ్యాహ్నం కొలిస్తే మీ కాగితం మీద అంతా బాగానే కనిపిస్తుంది, చేపలు మాత్రం తెల్లవారుజామున ఊపిరాడక చస్తాయి. వేడి సంగతి కూడా ఇందులోనే ఉంది. మంచినీరు 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు సుమారు 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ని పట్టి ఉంచగలదు. 30 డిగ్రీల దగ్గర అది 7.5కి పడిపోతుంది. వేడెక్కిన కొద్దీ చేపకు కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. ఒడ్డున చెట్లు కొట్టకూడదని మీరు పట్టుబడితే ఇంజనీరుకు చూపించాల్సిన లెక్క ఇదే.

అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల ఒకప్పుడు పాడైన వాగుల్ని బాగుచేశారు. కోహో సాల్మన్ తిరిగి వచ్చింది. వచ్చిన చేపలు, కడుపు నిండా గుడ్లతో, పెట్టకముందే గిలగిల్లాడి చనిపోయాయి. వాన పడి రోడ్ల మీది నీళ్లు వాగులోకి దిగినప్పుడల్లా ఇదే జరిగింది. కారణం దొరకడానికి ఏళ్లు పట్టింది. టైర్లు పగిలిపోకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుందని, కోహోలను చంపేది అదేనని 2020 డిసెంబరులో తేలింది. అదే రోడ్డు నీటిని ఇసుక, కంపోస్టు కలిపిన మట్టి గుండా వడకట్టి పంపితే చేపలు బతికాయని అంతకుముందే పరీక్షల్లో చూశారు. రోడ్డు ఉన్న ప్రతి ఫైల్లోనూ నేను మొదట అడిగేది, వాన నీళ్లు ఎటు పోతాయని. పైపు నేరుగా వాగులోకి తెరుచుకుంటే ఒప్పుకోకండి.

చేపల్ని పట్టాల్సి వస్తే

అవసరం లేకుండా పట్టకండి. ఏ జాతి ఉందో తెలిస్తే చాలనుకుంటే నీటి శాంపిల్‌లోని డీఎన్‌ఏ పరీక్షతో సరిపోతుంది. 2008లో ఫ్రాన్స్‌లోని చెరువుల్లో అమెరికన్ బుల్‌ఫ్రాగ్ అనే కప్ప ఉనికిని ఈ పద్ధతితోనే పసిగట్టారు. ఇది ఆ జీవి ఉందని చెబుతుంది. ఎన్ని ఉన్నాయో, పిల్లలో పెద్దవో చెప్పదు. పారే నీటిలోనైతే ఆ డీఎన్‌ఏ ఎగువ నుంచి కొట్టుకొచ్చిందీ కావచ్చు. లెక్క, సైజు కావాలంటే వల గానీ, నీటిలోకి కరెంటు పంపి చేపల్ని కాసేపు స్తంభింపజేసే విద్యుత్ పరికరం గానీ వాడాలి. విద్యుత్ పరికరానికి శిక్షణ తప్పనిసరి, ఒంటరిగా ఎప్పుడూ వాడకూడదు. గుడ్లు ఉన్న చోట అసలే వద్దు.

ఒక వాగు నుంచి ఇంకో వాగుకు వెళ్లేముందు బూట్లు, వలలు, బకెట్లు కడిగి, నీళ్లు పూర్తిగా ఒంపి, బాగా ఆరబెట్టండి. కప్పల్ని చంపే కైట్రిడ్ ఫంగస్, కొత్త నీటిలో చేరితే దాన్ని ఆక్రమించే జీబ్రా ఆల్చిప్పల పిల్లలు తడి సామానుతో ప్రయాణం చేస్తాయి. ఆవాసాన్ని కాపాడటానికి వెళ్లిన మనిషే వాటిని మోసుకెళ్లకూడదు.

వద్దనడం నుంచి మొదలుపెట్టండి

నష్టాన్ని చూసే వరస అంతటా ఒకటే. ముందు తప్పించాలి, తప్పనిది తగ్గించాలి, జరిగినదాన్ని బాగుచేయించాలి, అప్పటికీ మిగిలినదానికి వేరేచోట పరిహారం చేయించాలి. దరఖాస్తుదారులు చాలామంది చివరి మెట్టు నుంచి మొదలుపెడతారు. ఇక్కడ పది చెట్లు కొడతాం, అక్కడ వంద మొక్కలు నాటుతామంటారు. మీరు మొదటి మెట్టు మీదే నిలబడండి. ఈ దారి ఇక్కడే వాగు దాటాలా? పక్కన ఉన్న పాత వంతెన సరిపోదా? కోతకు గురవుతున్న ఆ ఒడ్డు వెనక నిజంగా కాపాడాల్సిన కట్టడం ఉందా, లేక ఖాళీ నేలేనా? ఒడ్డు కొద్దికొద్దిగా కోసుకుపోవడం వాగుకు సహజం. గులకరాళ్లు, మానులు నీటిలోకి వచ్చేది అలాగే. ఒకచోట రాళ్లు పేర్చి బిగిస్తే నీటి తాకిడి చాలాసార్లు దిగువన పక్కవాళ్ల ఒడ్డు మీదికి మళ్లుతుంది, ఏడాది తిరక్కముందే అక్కడి నుంచి ఇంకో ఫైలు వస్తుంది.

కల్వర్టు గురించి కాస్త ఎక్కువగా

మీకు ఎక్కువగా వచ్చే ఫైళ్లలో ఇదొకటి, పైగా ఒకసారి కట్టాక దశాబ్దాలు ఉండిపోతుంది. ఇరుకు పైపు వేస్తే నీళ్లు దానిలో వేగంగా దూసుకెళ్తాయి. ఆ వేగానికి దిగువ చివర నేల కోసుకుపోయి గుంట పడుతుంది. కొన్నేళ్లకు పైపు మూతి గాలిలో వేలాడుతుంది. అప్పుడు చేప ఎగరాలి, ఎగిరాక నున్నటి పైపులో ఆగే చోటు లేకుండా అవతలి దాకా ఈదాలి. బలమైన పెద్ద చేప దాటుతుందేమో, వేలెడంత పిల్ల దాటలేదు. వేసవిలో వేడి తప్పించుకోవడానికి చల్లటి పాయలోకి పోవాల్సింది ఆ పిల్లలే. అందుకే పెద్ద చేపలు వెళ్తున్నాయి కదా అనే వాదనతో సరిపెట్టుకోకండి.

మంచి పద్ధతి ఏమిటంటే, కల్వర్టు లోపల కూడా వాగే ఉండాలి. అదే రాళ్లు, అదే వాలు, నిండు ప్రవాహానికి చాలేంత వెడల్పు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం వాడే లెక్క తేలిక. నిండు ప్రవాహపు వెడల్పును 1.2తో గుణించి, దానికి 2 అడుగులు కలపాలి. వాగు 10 అడుగులుంటే కల్వర్టు లోపలి వెడల్పు 14 అడుగులు. కొంత భాగం నేలలోకి దించి, వాగు రాళ్లతోనే లోపల అడుగు పరచాలి. పక్కన పొడిగా కాస్త గట్టు ఉంచితే నీటిపిల్లులు, కప్పలు రోడ్డెక్కకుండా కిందనుంచే పోతాయి.

ఖర్చెక్కువని అంటారు. అదే రాష్ట్రంలో చేపల దారికి అడ్డం పడిన పాత కల్వర్టుల మీద స్థానిక ఆదివాసీ తెగలు కోర్టుకెళ్లాయి. వందల కల్వర్టులు మార్చాలని 2013లో ఆదేశం వచ్చింది. 2018లో అమెరికా సుప్రీంకోర్టు దగ్గర కూడా అది నిలిచింది. దానికి బిలియన్ల డాలర్లు ఖర్చవుతున్నాయి. మొదటే వెడల్పుగా కడితే అయ్యే ఖర్చును ఒక్క పైపు ధరతో కాదు, ఆ పైపును తవ్వి తీసి మళ్లీ కట్టే ఖర్చుతో పోల్చి చూపించండి.

షరతులు రాయడం

మీ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదేనని నా నమ్మకం. అనుమతి పత్రంలో మీరు ఏం రాశారో అంతవరకే చేపకు రక్షణ. మీ మనసులో ఉన్నది పొక్లెయిన్ డ్రైవరుకు తెలియదు.

"నీరు కలుషితం కాకుండా తగు జాగ్రత్తలు తీసుకోవలెను" అని రాస్తే దానికి అర్థం లేదు. ఎంత జాగ్రత్త తగినది? ఎవరు తేల్చాలి? దాని బదులు ఇలా రాయండి: పని జరిగే చోటికి ఎగువన, దిగువన రోజుకు ఇన్నిసార్లు నీటి మసకను కొలవాలి, దిగువన ఎగువ కన్నా 5 ఎన్‌టీయూ (నీటి మసకను కొలిచే యూనిట్) మించి పెరిగితే వెంటనే పని ఆపాలి, తేటపడ్డాకే మళ్లీ మొదలుపెట్టాలి. అంకె మీ నిబంధనల ప్రకారం మారవచ్చు, అంకె మాత్రం ఉండాలి. "వీలైనంత వరకు చెట్లు కొట్టరాదు" అనకండి. రంగు గుర్తు పెట్టిన ఈ చెట్లు తప్ప మరేదీ కొట్టరాదు, కొట్టినవాటి వేళ్లు పెకలించరాదు అనండి. "మొక్కలు నాటవలెను" అంటే నాటిన మర్నాడే ఎండినా షరతు తీరినట్టే. మూడేళ్ల తర్వాత నూటికి 80 మొక్కలు బతికి ఉండాలని, లేకుంటే మళ్లీ నాటాలని రాస్తే ఎవరో ఒకరు నీళ్లు పోస్తారు.

ప్రతి షరతునూ రాసిన వెంటనే రెండు ప్రశ్నలు వేసుకోండి. మెషీన్ మీద కూర్చున్న మనిషి దీన్ని చదివి ఏం చేయాలో తెలుసుకోగలడా? నా తర్వాత వచ్చిన ఆఫీసరు అక్కడికెళ్లి, జరిగిందో లేదో కొలిచి చెప్పగలడా? రెండిటికీ అవును అనిపించని వాక్యాన్ని మార్చండి. షరతుల సంఖ్య కూడా పెంచుకుంటూ పోకండి. నలభై షరతుల పత్రాన్ని ఎవరూ చదవరు, ముఖ్యమైన ఆరు అందులో మునిగిపోతాయి. నీటిలో పని చేసేవాళ్లకు కావలసినవి ఒక్క పేజీలో విడిగా రాయించి, పని చోటే అతికించమనండి.

ఒత్తిడి వస్తుంది

దరఖాస్తుదారు మీ శత్రువు కాదు. డ్రాయింగులు పూర్తికాక ముందే అతన్ని, ఇంజనీరును వాగు దగ్గరికి పిలిపించుకుంటే సగం గొడవలు అక్కడే తీరతాయి. కాగితం మీద గీత జరపడం సులువు, టెండరు అయ్యాక జరపడం ఎవరికైనా కష్టం. టెన్షన్ ఎక్కువగా వచ్చేది పైనుంచి. ఫైలు తొందరగా కదలాలని ఫోన్లు వస్తాయి. గొంతు పెంచకండి, మీ నోట్‌ను మాత్రం పూర్తిగా రాయండి. నేను చూసింది ఇది, కొలిచింది ఇది, దీన్నిబట్టి నా అంచనా ఇది అని మూడింటినీ విడివిడిగా పెట్టండి. అంచనాను కొలతలా రాస్తే ఎదుటి పక్షం నిపుణుడు దాన్ని ఒక్క ప్రశ్నతో కూల్చేస్తాడు, దాంతోపాటు మీ నిజమైన కొలతల మీదా నమ్మకం పోతుంది. తుది నిర్ణయం పైవాళ్లదైతే వాళ్లు మీ మాట కాదనవచ్చు. ఏం తెలిసి కాదన్నారో రికార్డులో ఉండేలా చూడటం మీ బాధ్యత.

పని జరిగే రోజుల్లో

మొదటి రోజు తప్పకుండా వెళ్లండి. ఆ తర్వాత పెద్ద వాన పడిన రోజు వెళ్లండి. మట్టి ఆపే కంచెలు నిలిచాయో లేదో అప్పుడే తెలుస్తుంది. పచ్చి కాంక్రీటు తాకిన నీళ్ల పీహెచ్ 11 దాటుతుంది, అది చేపల్ని చంపుతుంది. గట్టిపడేదాకా వాగు నీరు దానికి తగలకూడదు, లారీ కడిగిన నీళ్లు గుంటలోకే పోవాలి. నీళ్లు తోడే పంపు మూతికి పిల్ల చేపలు దూరని జల్లెడ ఉందో లేదో చెయ్యి పెట్టి చూడండి.

పని చోటును ఎండబెట్టేముందు చేపల్ని తీయాలి. పైనా కిందా వలలు అడ్డం కట్టించి, నీళ్లను ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గించమనండి. నీళ్లు చల్లగా ఉండే ఉదయం పూటే చేయాలి. పట్టిన చేపల్ని గాలి పంపు పెట్టిన బకెట్లలో ఉంచి, పెద్దవాటిని, పిల్లల్ని వేరు చేయండి. ఒకే బకెట్లో వేస్తే పెద్దవి పిల్లల్ని తినేస్తాయి. త్వరగా లెక్క రాసుకుని అదే వాగులో, పని తగలని చోట వదిలేయండి. చివరగా మిగిలిన మడుగులో బురద కదిపి చూడండి. పాముల్లా పొడవుగా ఉండే ఈల్ చేపల్లాంటివి అందులో దాక్కుని ఉంటాయి.

తర్వాతి ఏళ్లు

షరతులు పాటించారా అన్నది ఒక ప్రశ్న. వాగు బాగుందా అన్నది వేరే ప్రశ్న. రెండోదానికి జవాబు కావాలంటే పని మొదలవకముందు కొలతలు ఉండాలి, పని తగలని అలాంటి ఇంకో వాగు కొలతలూ ఉండాలి. లేకుంటే చేపలు తగ్గింది కల్వర్టు వల్లా, ఆ ఏటి కరువు వల్లా అన్నది ఎవరూ చెప్పలేరు. అన్ని పనులకూ ఇంత చేయడం కుదరదు. ఏడాదికి కొన్ని ఎంచుకోండి, వాటిని వదలకండి.

క్యాలిఫోర్నియాలో జోసెఫ్ గ్రిన్నెల్ అనే జంతుశాస్త్రవేత్త, ఆయన బృందం 20వ శతాబ్దం మొదట్లో ఎక్కడ నిలబడి ఏం చూశారో వివరంగా నోట్సు రాసుకున్నారు. దాదాపు వందేళ్ల తర్వాత వేరే శాస్త్రవేత్తలు అక్కడి యోసెమిటీ జాతీయ పార్కులో అవే చోట్లకు వెళ్లి చూస్తే, పరిశీలించిన 28 రకాల చిన్న క్షీరదాల్లో సగం సగటున 500 మీటర్లు కొండ పైకి జరిగాయని తేలింది. పాత నోట్సులో చోటు స్పష్టంగా లేకపోతే ఈ పోలికే కుదిరేది కాదు.

మీరూ పెన్సిలుతో, తడిసినా చెడని కాగితం మీద, తేదీ, సమయం, వాతావరణం, నీటి మట్టం, మీతో ఉన్నవాళ్ల పేర్లు రాయండి. కనబడనిది కూడా రాయండి. వెతికాను, దొరకలేదు అన్నది ఖాళీ గడి కాదు. ఫోటోలు ప్రతిసారీ ఒకే చోట నిలబడి, ఒకే దిక్కుకు తీయండి. బదిలీ మీద వెళ్లేటప్పుడు ఈ కొలతలన్నీ మీ సొంత ల్యాప్‌టాప్‌లో ఉండిపోకూడదు. నిలబడిన చోటు అక్షాంశ రేఖాంశాలు, కెమెరా తిప్పిన దిక్కు, మళ్లీ ఏ నెలలో రావాలో ఫైలు మొదటి పేజీలోనే రాసి, మీ స్థానంలోకి వచ్చే ఆఫీసరుకు అప్పగించండి. వీలుంటే ఒక పూట అతన్ని వాగు దగ్గరికి తీసుకెళ్లి ఆ చోటు చూపించండి.